అర మిల్లీమీటరు బెజ్జం: బుల్లి డ్రిల్లుతో చేయవలసినవి, చేయకూడనివి

విశాఖ బీచ్ రోడ్డులో ఒడ్డుకెక్కించి నిలబెట్టిన కుర్సురా జలాంతర్గామిని చూడ్డానికి వచ్చినవాళ్లు టికెట్టు కొని, లోపల టార్పెడోలూ ఇరుకు పడకలూ చూసి, ఫోటోలు దిగి వెళ్లిపోతారు. మోడళ్లు కట్టే పిచ్చి ఉన్నవాడు మాత్రం బయటే ఆగిపోతాడు. ఒంటి పొడవునా వరసలుగా ఉన్న సందుల్ని లెక్కపెట్టుకుంటూ నిలబడతాడు. జలాంతర్గామి మునిగేటప్పుడు పై తొడుగులోకి నీళ్లు చేరేదీ, తేలేటప్పుడు బయటికి జారిపోయేదీ ఆ సందుల్లోంచే. 91.3 మీటర్ల ఆ శరీరాన్ని 350వ వంతుకు కుదిస్తే 26 సెంటీమీటర్లు వస్తుంది. బడిపిల్లల స్కేలు కన్నా పొట్టి. ఆ లెక్కన సందులు ఎంతుంటాయో మీరే ఊహించుకోండి. చాలా కిట్లలో అవి ఉత్త గుంటలుగానే అచ్చుపడి వస్తాయి. నిజంగా తెరవాలంటే అర మిల్లీమీటరు బిట్టు పెట్టి ఒక్కొక్కటీ తొలవాల్సిందే.

నేను మొదటిసారి ఆ పనికి కూర్చున్నది ఆన్‌లైన్లో తెప్పించిన ఒక చవక రోటరీ డ్రిల్లుతో. కనిష్ఠ వేగమే చాలా ఎక్కువ. మొదటి రెండు బెజ్జాలు వెన్నలో దిగినట్టు దిగాయి, మురిసిపోయాను. మూడో దానికి కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. బిట్టు చుట్టూ కరిగిన ప్లాస్టిక్ ఉంగరంలా చుట్టుకుంది. చిన్న బిట్టు కాస్తా లావు బిట్టయింది. చూస్తుండగానే మూడు, నాలుగు, ఐదు బెజ్జాలు కలిసిపోయి ఒక పొడుగు గాటు మిగిలింది. కంగారులో పక్కకు లాగేసరికి బిట్టు పుటుక్కున విరిగి కళ్లజోడుకు తగిలింది. అద్దం మీద ఆ గీత ఇప్పటికీ ఉంది. జోడు లేకపోతే ఏమయ్యేదో రాయనక్కర్లేదు.

అప్పట్నుంచి నేర్చుకున్నదంతా ఒక్క ముక్కలో చెప్పాలంటే, మోడల్ పనిలో డబ్బు పెట్టి కొనాల్సింది నెమ్మదిగా తిరగడం తెలిసిన మోటారును. డబ్బా మీద పెద్దక్షరాల్లో రాసే గరిష్ఠ వేగంతో మనకు పెద్దగా పని లేదు. ఆ పక్కనే చిన్నక్షరాల్లో ఉండే కనిష్ఠ వేగాన్ని చదవండి.

కొనేటప్పుడు

మొదట అసలు మోటారు కావాలా అని అడగండి. ప్లాస్టిక్ కిట్లు మాత్రమే కట్టేవారికి, నెలకు పది పదిహేను బెజ్జాలు పెట్టేవారికి పిన్ వైస్ చాలు. వేళ్ల మధ్య తిప్పే బుల్లి బరమా అది. వెనక టోపీని అరచేతికి ఆనించి, బొటనవేలూ చూపుడువేలూ పెట్టి తిప్పడమే. కరెంటు అక్కర్లేదు, కరగడం ఉండదు. ఎంత గొప్ప డ్రిల్లు కొన్నా దాని పక్కన ఇది తప్పకుండా ఉండాలి. నా కుర్సురాలో సగం పైగా బెజ్జాలు చివరికి దీంతోనే పూర్తయ్యాయి.

రోజూ పట్టుకునే పని అయితే, ఇత్తడీ తెల్లలోహమూ కూడా కోసేట్టయితే, అప్పుడు మోటారు. జర్మనీ వారి ప్రాక్సాన్ మైక్రోమాట్ వరసలో చాలావి విడి అడాప్టర్ మీద 12 వోల్టులతో నడుస్తాయి. అందులో 50/ఈ అనేది నిమిషానికి 5,000 నుంచి 20,000 చుట్లు తిరుగుతుంది. అదే పేరుతో ఈ అక్షరం లేని 50కి ఒకటే వేగం, 20,000. ఆ ఒక్క అక్షరం చూసుకోకుండా కొని నాలుక్కరుచుకున్నవాళ్లున్నారు. అమెరికాలోని రాసీన్ పట్టణంలో 1932లో ఆల్బర్ట్ డ్రెమెల్ పెట్టిన కంపెనీ సరుకులోనూ ఇదే తిరకాసు. 230 వోల్టుల డ్రెమెల్ 3000 కనిష్ఠం 10,000. 4000 రకం 5,000 దాకా దిగుతుంది. జపాన్ వారి తమియా కంపెనీ, మోడళ్లలాగే ముక్కలుగా ఇచ్చి మనతోనే కట్టించే ఒక డ్రిల్లు అమ్ముతుంది. రెండు పెన్సిల్ సెల్స్ మీద నడిచే ఆ బొమ్మలాంటి వస్తువు ప్లాస్టిక్ మీద పెద్ద డ్రిల్లులకన్నా బాగా పనిచేస్తుందంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. నెమ్మదిగా తిరగడమే దాని గుట్టు.

చేత్తో పట్టుకుని చూడకుండా కొనకండి. ఐదు నిమిషాలు కలం పట్టినట్టు పట్టుకుని గాలిలో గీతలు గీయండి. మణికట్టు లాగితే అది మీకు తగదు. స్విచ్చి వేసి చెవి దగ్గర వినండి. శబ్దం ఒకే తీరున సాగాలి. అందులో గరగర వినిపిస్తే బేరింగులో తేడా ఉన్నట్టు. బిట్టు బిగించి, తిరుగుతుండగా కొనను పక్కనుంచి చూడండి. ఒకే చుక్కలా కనిపించాలి. మసకగా, లావుగా, రెండు కొనలు ఉన్నట్టు కనిపిస్తే బిట్టు అల్లాడుతోందన్నమాట. అర మిల్లీమీటరు బిట్టు ఆ అల్లాటకు నిలవదు.

వంద ముక్కలున్న సెట్టు అంటూ అమ్మే పెట్టెలకు ఆశపడకండి. అందులో మీకు పనికొచ్చేవి పదీ పన్నెండు. మిగతావి డబ్బాలోనే తుప్పు పడతాయి. ఆ డబ్బుతో మంచి హైస్పీడ్ స్టీల్ బిట్లు 0.5, 0.8, 1.0, 1.5 మి.మీ. సైజుల్లో రెండేసి కొనుక్కోండి. సర్క్యూట్ బోర్డులకు వాడే కార్బైడ్ బిట్లు కూడా చవగ్గా దొరుకుతాయి. లావు కాడ, కొస సన్నం, అంచు బ్లేడంత పదును. వాటిని స్టాండులో బిగించిన డ్రిల్లుకే వదిలేయండి. కార్బైడు గాజులాంటిది, చెయ్యి వెంట్రుకవాసి పక్కకు వాలితే విరుగుతుంది. విరిగిన ముక్క ఎటు పోతుందో ఎవరికీ తెలియదు.

కోలెట్ దగ్గర కాపీనం పనికిరాదు

డ్రిల్లు నోట్లో బిట్టును పట్టి ఉంచే చీలికల గొట్టాన్ని కోలెట్ అంటారు. మోడల్ పనిలో జరిగే పొరపాట్లలో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది. రోటరీ డ్రిల్లుల సామాను కాడ ఎక్కువగా 3.2 మి.మీ. ఉంటుంది. దంతవైద్యుల ల్యాబుల్లో, కంసాలి దుకాణాల్లో వాడే బర్రుల, అంటే బుల్లి చెక్కుడు బిట్ల, కాడ 2.35 మి.మీ. పళ్ల బర్రులు ప్లాస్టిక్ చెక్కడానికి భలేగా ఉంటాయి కాబట్టి మనవాళ్లు తెచ్చుకుంటారు. తెచ్చి 3.2 కోలెట్లో కూరి, నట్టు గట్టిగా బిగించేస్తారు. పట్టినట్టే ఉంటుంది. స్విచ్చి వేశాక అసలు సంగతి బయటపడుతుంది. కాడకు తగ్గ కోలెట్, అంటే ఈ బర్రులకు 2.4 ది, విడిగా కొనండి. కాడకు కాగితం చుట్టి, టేపు చుట్టి సరిపెట్టే తెలివితేటలు వద్దు.

కాడను వీలైనంత లోపలికి దించి బిగించండి. పొడుగ్గా బయటికి వదిలితే వేగానికి కాడ వంగి కొరడాలా తిరుగుతుంది. నట్టును ముందు వేళ్లతో, తర్వాత రెంచితో కాస్తంత. లోపల ఏమీ పెట్టకుండా ఖాళీ కోలెట్‌ను మాత్రం బిగించొద్దు, చీలికలు నొక్కుకుపోయి పాడవుతుంది. మోటారు తిరుగుతుండగా లాక్ బొత్తాం నొక్కొద్దు. స్విచ్చి ఆపిన తర్వాత కూడా మోటారు కాసేపు తిరుగుతూనే ఉంటుంది. బిట్టు మార్చే ప్రతిసారీ ప్లగ్గు పీకండి, బ్యాటరీదైతే బ్యాటరీ తీయండి. చిరాకే, ఒప్పుకుంటాను. రోజుకు ఇరవైసార్లు చేయాల్సి వస్తుంది. అందుకే ప్లగ్గును చేతికందే చోట, బల్ల అంచునే పెట్టుకోవాలి. బల్ల కింద దూరి తీయాల్సిన ప్లగ్గును ఎవడూ తీయడు.

అమెరికా నుంచి వచ్చిన డ్రిల్లు

మన ఇళ్లలో ప్రత్యేకంగా చెప్పుకోవాల్సిన సంగతి ఇది. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చిన కొడుకో అల్లుడో పెట్టెలో ఒక డ్రిల్లు పెట్టుకొస్తాడు. ప్లగ్గు పిన్నులు మన బోర్డులో పట్టవు. ఇంట్లో ఫోను చార్జరుకు వాడే చిన్న కన్వర్టరు ఉంటుంది. అది తగిలించి స్విచ్చి వేస్తారు. ఆ కన్వర్టరు పిన్నుల ఆకారాన్ని మారుస్తుందే తప్ప కరెంటును మార్చదు. 120 వోల్టులకు చేసిన మోటారు మీద మన 230 వోల్టులు పడతాయి. మోటారు తట్టుకోలేనంత వేగంతో గిర్రున తిరిగి, పొగ కక్కి ఆగిపోతుంది. ఆ రెండు క్షణాల్లో దాని నోట్లో కటింగ్ డిస్కు ఉంటే ఇక చెప్పనే అక్కర్లేదు.

చేయవలసింది సులువు. డ్రిల్లు ఒంటిమీది చీటీ చదవండి. 120 అని మాత్రమే ఉంటే, డ్రిల్లు వాట్లకు సరిపడా బరువు మోయగల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనండి. బ్యాటరీ డ్రిల్లయితే చార్జరు మీది చీటీ చూడండి. 100–240 అని ఉంటే దిగుల్లేదు. తెచ్చేవాళ్లకు ముందే ఇంకో మాట చెప్పండి: విడి లిథియం బ్యాటరీలు చెకిన్ పెట్టెలో పెట్టకూడదు, చేతి సంచిలో రావాలి. డ్రిల్లు మాత్రం చెకిన్ పెట్టెలోకి.

ఇంకో మన తరహా తెలివి, డ్రిల్లు వేగం తగ్గించడానికి ఫ్యాన్ రెగ్యులేటరు గుండా కరెంటు ఇవ్వడం. వేగం మార్చే చక్రం ఉన్న డ్రిల్లులో అప్పటికే ఒక ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉంటుంది. రెంటికీ పొసగదు, పాడయ్యేది ఖరీదైనదే. ఇంట్లో 30 మిల్లీయాంపుల లీకేజీ బ్రేకరు ఉందో లేదో కూడా చూసుకోండి. దాని మీది టెస్టు బొత్తాం నొక్కితే కరెంటు పోవాలి. నొక్కి ఎన్నేళ్లయిందో గుర్తులేకపోతే ఈరోజే నొక్కండి.

బల్ల ముందు కూర్చునే ముందు

కళ్లజోడు ఉంది కదా అని ఊరుకోవద్దు. చదువుకునే జోడుకు పక్కలు తెరిచే ఉంటాయి. నా గీత కథ విన్నారు కదా, అది ముందు నుంచి వచ్చింది కాబట్టి సరిపోయింది. పక్కలు మూసిన సేఫ్టీ గ్లాసులు, జోడు మీదినుంచి పెట్టుకునే రకం, హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి. భూతద్దపు జోడు పెట్టుకునేవాళ్లు అదే రక్షణ అనుకుంటారు. ముఖాన్ని బిట్టుకు దగ్గరగా తీసుకెళ్లేది అదే కనుక, దాని అడుగున రక్షణ మరింత అవసరం.

చేతి తొడుగులు వద్దు. తిరిగే పనిముట్టు దగ్గర గుడ్డ గ్లవుజులు రక్షణ అనుకోవడం పొరపాటు. ఒక్క దారం చుట్టుకుంటే వేలు దాని వెంట వెళ్తుంది. చున్నీ, కొంగు, వదులు చేతులు, జడ, మెడలో వేలాడే గొలుసు, మొలకు కాకుండా మెడకు వేసుకున్న కండువా, ఇయర్‌ఫోను తీగ, అన్నీ ఇదే కోవలోకి వస్తాయి. జుట్టు ముడేసి, గొలుసు చొక్కాలోకి దోపి కూర్చోండి.

ఫ్యాను సంగతి. మే నెలలో, ఉక్కపోతలో, ఫ్యాను ఆపి పనిచేయమంటే నన్ను తిట్టుకుంటారు. కానీ కొన్ని కిట్లలో ఉండే రెజిన్ ముక్కల పొడి గాలిలో తేలేంత మెత్తగా ఉంటుంది. ఫ్యాను కింద అది గదంతా పరుచుకుని, పక్కగదిలో మంచినీళ్ల కుండ దాకా వెళ్తుంది. అందుకని రెజిన్ పని తెల్లవారుజామున పెట్టుకుంటాను. ఎన్95 మాస్కు వేసుకుని, వీలైనచోటల్లా మోటారు పక్కనబెట్టి నీళ్లలో తడిపిన ఎమరీ కాగితంతో చేత్తో రుద్దుతాను. తడి పొడి ఎగరదు. కరెంటు మీద నడిచే డ్రిల్లుతో మాత్రం ఆ తడి ప్రయోగం చేయకండి. పని అయ్యాక బల్లను నోటితో ఊదొద్దు, చీపురుతో ఊడ్చొద్దు. తడిగుడ్డతో తుడవండి.

పాత కిట్లలోని తెల్లలోహపు ముక్కల్లో సీసం ఉండొచ్చు. వాటిని అన్నం తినే బల్ల మీద రాకొద్దు. పని మధ్యలో టీ తాగొద్దు. లేచాక సబ్బుతో చేతులు కడిగాకే పిల్లల్ని ఎత్తుకోండి.

ఇక బెజ్జం

పాలిస్టైరిన్, అంటే మన కిట్ల ప్లాస్టిక్, సుమారు 100 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మరిగే నీళ్ల వేడన్నమాట. గట్టిగా తిరిగే బిట్టు కొన దగ్గర అంత వేడి పుట్టడానికి కొన్ని క్షణాలు చాలు. కాబట్టి ఈ పని వరస ఇలా ఉంటుంది.

ముక్కను ఎడమ చేతిలో పట్టుకుని తొలవకండి. ఇది అందరూ చేసే తప్పు, చేసి చేసి అలవాటైన తప్పు. బెజ్జం అవతల ఉండేది మీ అరచెయ్యి. ఒక మిల్లీమీటరు బిట్టు ప్లాస్టిక్ దాటాక చర్మాన్ని దాటడానికి విడిగా బలం అక్కర్లేదు. చెక్కముక్క మీద రెండువైపులా అంటుకునే టేపు వేసి, దాని మీద ముక్కను అతికించండి. గుండ్రంగా ఉండే జలాంతర్గామి ఒంటికైతే రెండు చెక్కపట్టీలను వి అక్షరంలా పెట్టి, మధ్యలో మెత్తటి స్పాంజి వేసి పడుకోబెట్టాను, కదల్లేదు.

బిట్టు పెట్టే ముందు సూదితో చిన్న గుంట చేయండి. గుంట లేకపోతే బిట్టు నున్నటి ప్లాస్టిక్ మీద జారి పక్కన గీత గీస్తుంది. ఆ గీతను పూడ్చి, రుద్ది, రంగు వేసేసరికి ఒక సాయంత్రం పోతుంది. తర్వాత డ్రిల్లును అతి తక్కువ వేగంలో పెట్టి, నిటారుగా దించి, లెక్క ఒకటి, రెండు, పైకి. మళ్లీ ఒకటి, రెండు, పైకి. పైకి తీసినప్పుడు బిట్టు చుట్టూ చుట్టలు చుట్టలుగా నారలాంటి పొట్టు వస్తే పని సవ్యంగా ఉంది. పొట్టు బదులు ముద్ద వస్తే వేడెక్కింది. ఆపండి, చల్లారనివ్వండి, ముద్దను ప్లగ్గు తీసి ఉన్నప్పుడే పాత టూత్‌బ్రష్‌తో గీకండి, వేళ్లతో వద్దు. అవతలికి పొడుచుకువెళ్లే చివరి వెంట్రుకవాసి మందాన్ని పిన్ వైస్‌తో చేత్తో తిప్పి ముగిస్తే బెజ్జం అంచు శుభ్రంగా వస్తుంది.

అదుముడు గురించి నాకు పాఠం చెప్పింది ఒక కంసాలి. కోలెట్ వెతుక్కుంటూ వాళ్ల దుకాణానికి వెళ్తే, పైన కొక్కేనికి వేలాడదీసిన మోటారు, దాన్నుంచి దిగే వంగే షాఫ్ట్, కాలి కింద పెడలు. ఆయన ఉంగరం లోపల తొలుస్తుంటే మోటారు శబ్దం ఒక్కసారి కూడా మారలేదు. నా చేతికిచ్చి ఇత్తడి ముక్క మీద చేయమన్నాడు. నేను ఆనించగానే మోటారు మూలిగింది. "ఏటండీ బాబూ, పగోడి మీద కూచున్నట్టు కూచున్నారు? అది ఏడుస్తుందంటే మీరు అదిమేస్తున్నట్టే. దాని మానాన దాన్ని కొరకనివ్వండి" అన్నాడు. అప్పట్నుంచి నేను వేగం చక్రం కన్నా శబ్దాన్నే ఎక్కువ నమ్ముతాను. మోటారు గొంతు దిగిందంటే చెయ్యి పైకి లేపడమే.

ఇత్తడి రేకు, ఫోటోఎచ్ అనే పల్చటి లోహపు ముక్కలు ప్లాస్టిక్ లాంటివి కావు. బిట్టు అవతలికి దిగే ఆఖరి క్షణంలో ఇత్తడి దాన్ని గబుక్కున పట్టేస్తుంది. రేకు బిట్టుతో పాటు గిర్రున తిరుగుతుంది, దాని అంచు బ్లేడు లాంటిది. రెండు పల్చటి చెక్కల మధ్య రేకును ఇరికించి, బిగించి, చెక్కతో సహా తొలవండి. రేకును శ్రావణంతో పట్టుకుని తొలవడం చేయకూడని పనుల్లో ముందు వరసలోది.

కటింగ్ డిస్కు: ఇక్కడ కాస్త ఆగండి

ఈ వ్యాసంలో మిగతాదంతా మరిచిపోయినా ఫర్వాలేదు, ఇది గుర్తుపెట్టుకోండి. ఎర్రటి, సన్నటి, రూపాయి బిళ్లంత డిస్కు. బిస్కెట్టులా అమాయకంగా కనిపిస్తుంది. 24 మి.మీ. అడ్డకొలత ఉన్న డిస్కును 30,000 వేగంతో తిప్పితే దాని అంచు సెకనుకు దాదాపు 38 మీటర్లు పోతుంది. గంటకు 136 కిలోమీటర్లు. హైవే మీద కారుకు ఆ వేగం చూస్తే మీరు పక్కకు తప్పుకుంటారు. డిస్కు చీలితే ముక్క అదే వేగంతో బయల్దేరుతుంది.

ముక్కు ఎదురుగా డిస్కు తలాన్ని పెట్టుకోకండి. అది తిరిగే గీతకు పక్కగా కూర్చోండి. కొత్తది బిగించాక ఒక నిమిషం ఖాళీగా తిప్పి, ముఖం పక్కకు పెట్టి చూడండి. పగలాల్సింది అప్పుడే పగులుతుంది. కిందపడ్డ డిస్కును, అంచు విరిగినదాన్ని, తడిసి ఆరినదాన్ని మళ్లీ వాడకండి. డిస్కు మీద అచ్చేసిన గరిష్ఠ వేగం మీ డ్రిల్లు గరిష్ఠ వేగానికి సమానంగానో ఎక్కువగానో ఉండాలి. కోసేటప్పుడు తిన్నగా దించి, తిన్నగా తీయండి. గాట్లో ఉండగా చెయ్యి తిప్పితే చాలు, పగిలిపోతుంది. డిస్కు పక్క భాగంతో రుద్దడం, అరగదీయడం అసలే వద్దు, దాన్ని అంచుతో కోయడానికే చేశారు. పీచు కలిపిన డిస్కులు మామూలువాటి కన్నా గట్టివి. రెండో మూడో ఎక్కువ రూపాయలు పోతాయి, పోనివ్వండి.

ఒకసారి పియానో వైరు కోస్తుంటే నా డిస్కులో మూడో వంతు మాయమైంది. వారం తర్వాత మా ఆవిడ కర్టెన్లు ఉతకడానికి తీస్తే మడతలో దొరికింది. గుడ్డను కోసుకుని లోపలికి దూరి ఉంది. ఆ కర్టెను నా కుర్చీకి వెనక ఉంటుంది. నా చెవి పక్కనుంచి వెళ్లి ఉండాలి.

ఇనప తీగల బ్రష్షులకు వేరే హద్దు ఉంది. 15,000 దాటించొద్దు. అంతకు మించితే తీగలు ఒక్కొక్కటీ సూదుల్లా ఊడి వస్తాయి, ఒంట్లో గుచ్చుకున్నాక వెతికి తీయడం పట్టకారుతో అయ్యే పని కాదు.

సీసా మూత

మన బల్ల మీద థిన్నరు, లిక్విడ్ సిమెంటు, స్పిరిట్టు ఎప్పుడూ ఉంటాయి. కార్బన్ బ్రష్షుల మోటారు వెనక గాలి సందుల్లోకి చీకట్లో చూడండి, నీలం మిణుగురులు కనిపిస్తాయి. ఇనుము కోస్తే వచ్చే నిప్పురవ్వలు ఎటూ ఉన్నాయి. థిన్నరు ఆవిరికి అదే చాలు. డ్రిల్లు తీసే ముందు సీసాల మూతలు బిగించి, తడిసిన దూది, గుడ్డలు వేరే గదిలో మూతున్న డబ్బాలో పడేసి, కిటికీ తెరవండి. రంగులు వేసిన గంటలోనే అదే బల్ల మీద తీగ కోయడం మొదలెట్టొద్దు.

నెలకోసారి, ఏడాదికోసారి

డ్రిల్లు పాడవడానికి పెద్ద కారణాలేం ఉండవు. పొడి, తేమ, బ్రష్షులు. విశాఖలో ఉన్నవాళ్లకు తేమ ఉప్పుతో కలిసి వస్తుంది. బాల్కనీ తలుపు తెరిచి ఉంచిన గదిలో బిట్లు ఒక వానాకాలానికే గోధుమరంగుకు తిరుగుతాయి. బూట్ల డబ్బాలో, మందు డబ్బాలో వచ్చే సిలికా జెల్ పొట్లాలను పారేయకండి, బిట్ల డబ్బాలో వేయండి. వాడాక బిట్లనూ కోలెట్‌నూ కుట్టుమిషను నూనె అంటిన గుడ్డతో తుడవండి. వాడేముందు ఆ నూనెను తుడిచేయడం మరవొద్దు, ప్లాస్టిక్ మీద నూనె ఉంటే రంగు పట్టదు.

గాలి సందుల్లోని పొడిని కెమెరా లెన్సు ఊదే రబ్బరు బుడ్డితో ఊదండి. ఒంటిని థిన్నరుతో తుడిస్తే ప్లాస్టిక్ పగుళ్లిస్తుంది, కొద్దిగా సబ్బునీళ్లలో పిండిన గుడ్డ చాలు. మూసి ఉన్న బేరింగుల్లోకి నూనె చుక్కలు వేయొద్దు. పొడి ఆ నూనెతో కలిసి అరగదీసే ముద్దవుతుంది. తక్కువ వేగంలో చాలాసేపు అదిమి పనిచేస్తే మోటారులోని ఫ్యాను సరిగా తిరగక వేడెక్కుతుంది. చేతికి వేడి తగిలితే ఐదు నిమిషాలు ఖాళీగా కాస్త ఎక్కువ వేగంలో తిప్పితే చల్లబడుతుంది.

కార్బన్ బ్రష్షులను 40–50 గంటల వాడకానికి ఒకసారి తీసి చూడండి. పక్కనున్న గుండ్రటి మూత విప్పితే స్ప్రింగుతో సహా బయటికి వస్తుంది. 3 మి.మీ. కన్నా పొట్టిగా అరిగితే రెండూ మార్చాలి, ఒకటి మార్చి రెండోది తర్వాత చూద్దాం అనొద్దు. అరగకపోతే తీసినవాటిని తీసినట్టే అదే వైపు, అదే ముఖంతో పెట్టాలి. కొన లోపలి రాగిచక్రం వంపుకు తగ్గట్టు అరిగి ఉంటుంది కనుక తిరగేసి పెడితే మిణుగురులు ఎక్కువవుతాయి. అందుకే తీసేముందు బ్రష్షు మీద పెన్సిలుతో చిన్న గీత గీసుకుంటాను. కొత్తవి పెట్టాక వెంటనే పనిలోకి దించకండి, సగం వేగంలో ఏ బరువూ లేకుండా అరగంట తిరగనివ్వండి, కొనలు చక్రానికి సర్దుకుంటాయి.

బ్యాటరీ డ్రిల్లును పరుపు మీద, దిండు పక్కన, రాత్రంతా చార్జింగుకు పెట్టొద్దు. ఉబ్బిన బ్యాటరీని గుచ్చొద్దు, నొక్కి సరిచేయొద్దు, ఈ-వేస్ట్ తీసుకునేవారికి ఇచ్చేయండి.

మొద్దుబారిన బిట్టును అదిమి పని చేయించొద్దు. తోయాల్సి వస్తోందంటే దాని పని అయిపోయింది. అలాంటి బిట్లనూ విరిగిన ముక్కలనూ చెత్తబుట్టలో వేయకండి. పొద్దున్నే వచ్చే పారిశుద్ధ్య కార్మికురాలు చెత్తను చేతులతోనే వేరుచేస్తుంది. ఖాళీ టాబ్లెట్ల సీసా ఒకటి బల్ల మీద పెట్టుకోండి, విరిగినవన్నీ అందులో. నా సీసాలో ఇప్పటికి ఇరవై ఏడున్నాయి. నిండాక మూతకు టేపు చుట్టి, పైన "పదునైన ముక్కలు" అని తెలుగులో రాసి, ఆమె చేతికే ఇచ్చి చెప్పాలి.